పన్నెండు చెరువులకు ఒకే వరస

నాగాయలంక దగ్గర ఒక రైతుగారి రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ పడిపోగానే ఆయన ఫోన్‌కు కబురు పంపే సాఫ్ట్‌వేర్ అది. దాన్ని ఏ కంప్యూటర్ భాషలో రాయాలన్న దగ్గర, మా విజయవాడ ఆఫీసులో నాకూ మా జూనియర్ అమ్మాయికీ పడలేదు.

"ఎర్లాంగ్‌లో రాద్దాం సర్. పన్నెండు చెరువులకీ పన్నెండు చిన్న ప్రోగ్రాములు వేరువేరుగా నడుస్తాయి. ఒకటి ఆగిపోయినా మిగతావి వాటి పని అవి చూసుకుంటాయి," అంది.

"పైథాన్‌లో కుదరదా?"

"కుదురుతుంది సర్. కాకపోతే ఆ జాగ్రత్తలన్నీ మనమే గుర్తుపెట్టుకుని రాయాలి."

అంటే నాకు గుర్తుండదనేగా! ఒళ్లు మండింది. నిజం చెప్పొద్దూ, నలభై ఆరేళ్ల వయసులో ఆ పిల్ల పక్కన కూర్చుని మళ్లీ ఓనమాలు దిద్దాలంటే నామోషీ. "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎందుకమ్మా? ఈ ఆగిపోవడాల మాట రైతుగారి ముందు ఎత్తకు," అన్నాను. పైథాన్‌లో నేనే రాశాను, ఒక చెరువు జవాబిచ్చాకే రెండోదాన్ని అడిగేలా. రైతుగారి చెరువుల్లో సెన్సార్లు బిగించి, "ఇక గట్ల మీద తిరగక్కర్లేదండీ, ఫోన్ చూసుకుంటే చాలు," అని గొప్పలు పోయాను.

మూడో వారం ముసురు పట్టింది. ఎండ లేకపోతే చెరువులో ఆక్సిజన్ నిలవదు. రాత్రి పదకొండింటికి ఆయన ఫోన్.

"ఏవండీ, ఫోన్లో అంతా పచ్చగానే ఉందండీ. మేతకని వచ్చి చూస్తే ఎనిమిదో చెరువులో రొయ్య పైకి తేలిపోతంది!"

నా స్క్రీనూ పచ్చగానే ఉంది. అంకెల పక్కనున్న టైము చూశాను. తొమ్మిదింబావు. దాదాపు రెండు గంటలుగా కొత్త అంకె ఒక్కటీ రాలేదు.

"ఫ్యాన్లు వేయండి! అన్నీ వేసేయండి!"

"వేశానండీ, వేశాను! పక్కోళ్లవి కూడా తెప్పిస్తన్నా!"

ఫోన్లో గాలి కలిసేలా ఫ్యాన్లు నీళ్లను చిలికే చప్పుడు, అరుపులు. కూర్చుని వినడం తప్ప నేను చేయగలిగిందేమీ లేదు.

మర్నాడు ఇద్దరం వెళ్లాం. పది రోజుల్లో రొయ్య పట్టి అమ్మాల్సిన చెరువు. గట్టు పొడుగునా చచ్చిన రొయ్యలే. ఐదో చెరువు దగ్గర కాపలా ఆయన, వానకు పాడవుతుందని సెన్సార్ వైరు ఊడదీసి, కవరు చుట్టి షెడ్లో దాచాడట. పాపం, మంచికే చేశాడు. నా ప్రోగ్రాం మాత్రం ఐదోదాని జవాబు కోసం అక్కడే నిలబడిపోయింది; ఎనిమిదోదాన్ని అడగనే లేదు, పాత అంకెలే పచ్చగా చూపిస్తూ ఉండిపోయింది.

రైతుగారు నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. "ఇలా ఆగిపోద్దని మీకెవరికీ తెలీదా అండీ?" అన్నారు.

"ఆగొచ్చని నేను అనుకున్నానండీ," అంది అమ్మాయి.

"మరి నాకో మాట చెప్పకపోయావా అమ్మా? గట్టు దిగేవాణ్ణి కాదుగా."

ఆ అమ్మాయి తల వంచుకుంది. చెప్పొద్దన్నది నేనని అనడానికి నాకు నోరు రాలేదు.