గుమ్మం దాకా వచ్చిన డ్రైవర్లు

ఈ నెల మొదటి సోమవారం సాయంత్రం బడి వ్యాను మా మనవరాలిని గల్లీ మలుపులోనే దించి వెళ్లిపోయింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న నాకు వ్యాను వెనుక భాగం తప్ప డ్రైవరు ముఖం కనబడలేదు. మంగళవారం ఇంకొక డ్రైవరు వచ్చాడు, దిగకుండా హారను మోగించాడు. గురువారం పరుగు సాధన కోసం మైదానానికి తీసుకువెళ్లవలసిన పిల్లను నేరుగా ఇంటిదారి పట్టించారు. శుక్రవారం మలుపులో కుక్కలు అడ్డం వస్తే పిల్ల భయపడి, తలుపు తెరిచి ఉన్న ఎవరింట్లోనో సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ ఇంటి కోడలు తీసుకువచ్చేదాకా నేను పడిన యాతన రాయడానికి నా దగ్గర మాటలు లేవు. మిగిలినవన్నీ జరిగిన రోజునే రాసిపెట్టాను.

అంతకుముందు ఏడాదిగా వస్తున్న డ్రైవరు వ్యాను ఆపి, దిగి, పిల్ల చేయి పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చేవాడు. ఇంటింటికీ దిగితే ఆలస్యమవుతున్నదని బడివారు అతణ్ణి వేరే ఊళ్ల దారికి మార్చారట. ఫోను చేసి అడిగితే రవాణా చూసుకునే ఆయన, “అమ్మా, డ్రైవర్ పని బండి నడుపుడు. పిల్లల్ని ఇండ్లల్లకు తోలుడు గాదు” అన్నాడు. పిల్ల తల్లి, నా కూతురు, నాగర్‌కర్నూలు దవాఖానాలో నర్సు, వారానికోసారి వస్తుంది. మోకాళ్ల నొప్పితో మలుపు దాకా నడవలేని నేను, ఆ మాట విన్న దగ్గరి నుంచి, అదే కూతురిని చిన్నప్పుడు బడికి తీసుకువెళ్లిన ఆటో తమ్ముణ్ణి తలచుకోని పూట లేదు.

గద్వాల చీర ఒక్కరి చేతిమీద నడిచేది కాదని మా ఈడువారికి చెప్పనక్కరలేదు. అంచు పట్టును నడుమ నూలుతో ప్రతి వరుసలోనూ మెలివేయాలి కనుక, అప్పట్లో మగ్గం మీద మా ఆయన ఒక పక్కన, నేను ఒక పక్కన కూర్చునేవాళ్లం. ఒకరు లేస్తే రెండోవారి చేయి ఆగిపోతుంది. బడివేళకు ఇద్దరిలో ఎవరమూ లేవలేకనే గట్టు మండలం నుంచి వచ్చి గద్వాలలో ఆటో నడుపుకుంటున్న ఆ మనిషిని కుదుర్చుకున్నాం. వానలు కురవక చేను బీడుపడితే ఆటో పట్టుకున్నవాడు, వరుస కలుపుకుని నన్ను అక్కా అనీ ఆయనను బావా అనీ పిలిచేవాడు.

హారను చప్పుడుకు ఉలిక్కిపడితే మెలి తప్పుతుందని తెలిసిన నాటి నుంచి అతడు మా గల్లీలో హారను ముట్టలేదు. ఇంజను మలుపులోనే ఆపి, నడిచి వచ్చి, నేను జడ సగంలో వదిలేసిన కూతురికి రిబ్బను తానే ముడివేసి తీసుకువెళ్లేవాడు. ఆ ముడి చూసి తోటిపిల్లలు నవ్వేవారట. కూతురు విప్పేది కాదు. సాయంత్రం పిల్ల మగ్గం పక్కకు వచ్చి నా భుజం మీద చేయి వేసేది. నేను తల తిప్పకుండానే ఊపేదాన్ని. ఆ తల ఊపు చూస్తే గాని అతడు గడప దగ్గర నుంచి కదిలేవాడు కాదు.

ఒకసారి వనపర్తిలో పరుగు పందేలు పెట్టారు. ఆ సాయంత్రానికే ఒక పెళ్లిచీర మగ్గం దిగాలి. అమ్మ చూడకపోతే పరుగెత్తనని కూతురు వాకిట్లో కూలబడింది. ఆమెను సముదాయించడం మా ఇద్దరి వల్ల కాలేదు. అతడే పక్కన కూర్చుని, “లే బిడ్డా, మీ అమ్మ బదులు నేను చూస్త. వచ్చి పొల్లువోకుండ చెప్త” అని ఒప్పించి తీసుకువెళ్లాడు.

పొద్దు వాలే వేళకు తిరిగి వచ్చారు. పిల్ల మోకాలు గీసుకుపోయి ఉంది, నా భుజం మీద చేయి పడింది, నేను తల ఊపాను. అతడు మాత్రం వెళ్లలేదు.

“అక్కా, నేసుకుంటనే ఇను. మొదట్ల మన పిల్ల ఎనకనే ఉండె. మలుపు కాడ ఒక్కొక్కర్ని దాటుకుంట వచ్చె. ఇగ గెల్శిందనుకున్న, కాలు మడతవడె. పడ్డది, లేశింది, మళ్ల ఉరికింది. రెండోదిగ వచ్చింది.”

“నువ్వు గూడ పక్కపొంటి ఉరికినవా ఏంది?” అని ఆయన నవ్వారు.

“ఉరకకుంటే ఎట్ల బావా? అక్కకు చెప్పాలె గద!”

ఆ పరుగును నేను మగ్గం మీద కూర్చునే చూశాను. ఆ రోజు నేసిన అంచు ఎక్కడా వదులు కాలేదు. తరువాత అతడి బిడ్డ పెళ్లికి మేమే చీర నేసి పెట్టాము. అయినా ఋణం తీరిందని నేనెక్కడా రాసుకోలేదు. ఇప్పుడు అతడూ లేడు, మా ఆయనా లేరు, మగ్గమూ విప్పేశాము. వ్యాను ఎక్కడున్నదో నా ఫోనులో చుక్కగా కదులుతూ కనిపిస్తుంది. చుక్క మలుపు దగ్గర ఆగుతుంది, ముందుకు సాగిపోతుంది. నా మనవరాలు ఎక్కడున్నదో మాత్రం అది చెప్పదు. పిల్లను అప్పగించడమనే పని ఎప్పుడు, ఎవరు చెబితే డ్రైవరు పని కాకుండా పోయిందో నాకు తెలియలేదు.

కాబట్టి బడి యాజమాన్యాన్ని అడుగుతున్నాను. పిల్లను బండి దించడంతో మీ బాధ్యత ముగుస్తుందా, ఇంటివారి చేతికి అప్పగించడంతో ముగుస్తుందా? రెండవదే అయితే పాత డ్రైవరును మా దారికి తిరిగి పంపాలి. మొదటిదే అయితే ఆ మాట సంతకం పెట్టి చెప్పాలి. ఏదైనా సరే, నాకు లిఖితపూర్వకమైన జవాబు కావాలి. ఆ జవాబు తెచ్చే మనిషి మలుపులో నిలబడి హారను మోగించకుండా, గుమ్మం దాకా నడిచి వచ్చి, దానిని నా చేతికే ఇవ్వాలి.