లిఫ్టు పిల్ల శుక్రవారాలు

మొన్న సజ్జ మీది రేకు డబ్బా దించి దులుపుతుంటే పాత గుండీల కింద వేలెడంత గుడ్డ మూట ఒకటి దొరికింది. ముడి విప్పకముందే వాసన చెప్పేసింది, కర్పూరం, వాము, రెండు లవంగాలు. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలంలో మా అమ్మ ఇంటిల్లిపాదికీ ఒక్కొక్కటి కట్టిచ్చి, గంటకోసారి ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చమని వెంటపడేది. ఆ వాసనకు అందరికీ ఆసుపత్రులు, అంబులెన్సులు గుర్తుకొస్తాయట. నాకు మాత్రం నీలి జుట్టు పిల్ల ఒకతి, గాలిలో ఈదే చేప ఒకటి, ఎదుటి బాల్కనీలో మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చున్న లావణ్య గుర్తుకొస్తారు.

సూరత్‌లో కోసాడ్ ఆవాస్ బిల్డింగుల్లో మాది రెండో అంతస్తు. ఎదుటి బిల్డింగుకూ మాకూ మధ్య సందు ఎంత ఇరుకంటే, వాళ్ల పోపు మాడితే మాకు దగ్గు వచ్చేది. బాపు లూములు నడిచే షెడ్డులో, అక్కడివాళ్ల మాటలో ఖాతాలో, పనిచేసేవాడు, అమ్మ ఇంట్లో చీరలకు రాళ్లు అంటించేది. నాకు పదమూడేళ్లు. మున్సిపాలిటీ తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివాను, ఆ తర్వాత బడి మూతపడింది, అది తెరిచేనాటికి నేను అమ్మ పక్కన కూర్చుని రాళ్లు అంటించడంలో ఆరితేరిపోయాను. ఆ ఎండల్లో పొద్దున అంబలి, మధ్యాహ్నం ఉల్లిగడ్డ నంజుకుని పెరుగన్నం, చీరల సేఠ్ డబ్బులు పంపిన రోజు మామిడిరసంలో ముంచుకుని పూరీలు. మెట్ల మీద సుద్దతో గళ్లు గీసి చింతగింజలతో పచ్చీసు ఆడేవాళ్లం, కింద పోలీసు విజిల్ వినపడగానే గింజలు గౌనులో మూటగట్టుకుని ఎవరింట్లోకి వాళ్లం పారిపోయేవాళ్లం.

ఉగాది వారంలో, భక్షాలు ఇంకా డబ్బాలో ఉండగానే, మా పక్కింటి నరేశన్న ఆ సీరియల్‌ను కనిపెట్టాడు. నరేశన్న కూడా లూము మనిషే, ఖాతా సగం రోజులు మూసి ఉండటంతో ఫోనులో ప్రపంచమంతా తిరిగేవాడు. జపాను వాళ్ల బొమ్మల సీరియల్, వారానికి ఒకటే భాగం, శుక్రవారం సాయంత్రం ఏడింటికి వస్తుంది, మాటలు జపానువి, కింద ఇంగ్లీషు అక్షరాలు. దాని అసలు పేరు మాలో ఎవరికీ నోరు తిరగలేదు, అందుకని అది మా సందులో ‘లిఫ్టు పిల్ల’ అయింది. సముద్రం మధ్యలో చివర కనపడనంత ఎత్తు బిల్డింగు ఉంటుంది. అందులో లిఫ్టు రిపేరు చేసే ఒకాయన పనిముట్ల సంచీ పట్టుకుని పైకి వెళ్లి తిరిగి రాలేదు. ఆయన కూతురు, నీలి జుట్టు పిల్ల, ఆయన్ని వెతుక్కుంటూ లిఫ్టు ఎక్కుతుంది. వారానికో అంతస్తు. ఒక అంతస్తులో గొడుగులన్నీ గబ్బిలాల్లా తలకిందులుగా వేలాడుతుంటాయి. ఒక అంతస్తులో కుర్చీలన్నీ గోడవైపు తిరిగి ఉంటాయి. ఇంకోదాంట్లో ఒక చేప నోట్లో దీపం పట్టుకుని గాలిలో ఈదుతూ పోతుంది. దిగిన ప్రతి చోటా ఆ పిల్ల తనది ఏదో ఒకటి పోగొట్టుకుంటుంది, ఒకసారి చెప్పు, ఒకసారి రిబ్బను, ఒకసారి తన నీడ.

మొదటి ఐదు వారాలూ లావణ్యవాళ్ల నాయన రాజం కాక పెద్ద ఫోనులో, వాళ్ల మెట్ల మీద, మెట్టుకొకరం చొప్పున దూరం దూరంగా కూర్చుని చూశాం. రాజం కాకది ఖటోదరాలో బట్టలకు రంగులద్దే మిల్లులో పని. లావణ్య ఇంగ్లీషు మీడియంలో పదో తరగతి, కింద అక్షరాలు గబగబా చదివి తెలుగులో చెప్పేది. భాగం అయిపోవడానికి ఇరవై నిమిషాలు, దాని అర్థం తేల్చడానికి వారం.

“చేప అంటే కరోనా. దీపం అంటే ఇంజక్షన్. గింత సీదా ముచ్చట సమజ్ గాలేదా మీకు?” అనేవాడు నరేశన్న.

“నీ మొకం! కరోనా దీపం పట్టుకొని వత్తదా? ఆ చేప ఆ పిల్లకు తల్లి. సచ్చిపోయినా బిడ్డ మీద పానం కొట్టుకుంటాంది,” అనేది కింది అరుగు మీద రాళ్లు అంటిస్తూ గంగవ్వ పెద్దమ్మ. ఆమె ఎన్నడూ తెర చూసింది లేదు, పైనుంచి వినపడే మాటల్ని బట్టే తీర్పులు చెప్పేది.

“గోడ దిక్కు తిరిగిన కుర్సీలు మా ఆన్‌లైన్ క్లాసు,” అనేది లావణ్య. మా బాపు మాత్రం ఒక్కసారి తొంగిచూసి, “ఆ మోటరుకు బెల్టే లేదు, లిఫ్టు ఎట్ల నడుస్తాంది?” అని దిగులుగా వెళ్లిపోయాడు.

ఆరో భాగం రాకముందే రాజం కాకకు జ్వరం పట్టుకుంది. రెండు రోజులకు ఊపిరి అందక ఆసుపత్రికి తీసుకుపోయారు, పెద్ద ఫోను ఆయనతోపాటే పోయింది. లావణ్య, వాళ్లమ్మ, బటన్ల ఫోను ఇంట్లో మిగిలారు. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి, ఫలానా తేదీ దాకా ఎవరూ గడప దాటొద్దని తలుపుకు కాగితం అంటించి, అడ్డంగా పట్టీ కట్టారు. వాళ్లమ్మకూ జ్వరం తగిలేసరికి ఆ కాగితం మీద తేదీ మార్చి మళ్లీ అంటించారు. మేము చీరల అంచులు కత్తిరించగా మిగిలిన పేలికలు పేని తాడు చేసి, రెండు బాల్కనీల మధ్య కట్టి, దానిమీద బుట్ట జరిపి కూర, పాలప్యాకెట్టు పంపేవాళ్లం.

శుక్రవారం వచ్చింది. నరేశన్న ఫోను అప్పటికే ఇంటి కిరాయి కింద అమ్ముడుపోయింది, చూడటానికి మిగిలింది మా బాపు ఫోను, అద్దం పగిలి సాలెగూడులా ఉండేది. లావణ్య తన బాల్కనీలోంచి అడిగింది. “రజితా, నువ్వు జూసి జెప్తవా? కింద ఇంగ్లీషు సదువస్తదా నీకు?”

రాదు. నేను ఒక మాట కూడబలుక్కునే లోపల ఆ వరుసే మాయమై ఇంకోటి వచ్చేది. కానీ ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లతో అడుగుతుంటే, పైగా సందంతా వింటుంటే, నా నోటికి “ఎందుకు రాదు? మస్తుగ వస్తది” అనే మాటే వచ్చింది.

అట్లా నేను కథ చెప్పేదాన్నయ్యాను. చూసిన బొమ్మ నా తలలోంచి పోదు, ఏ మూల ఏ రంగు ఉందో, ఎవరు ఎటు తల తిప్పారో అన్నీ చెప్పగలను. మాటలు మాత్రం నావి. పెదవులు ఎంతసేపు కదిలితే అంతసేపటికి సరిపడా మాట్లాడించేదాన్ని. బొమ్మల బిల్డింగులోని కాపలావాడు మా పాలవాడిలా కసురుకునేవాడు, గొడుగుల ముసలమ్మ గంగవ్వ పెద్దమ్మలా తిట్టేది. ఎనిమిది గంటలకల్లా అటూ ఇటూ బాల్కనీల నిండా జనం. అయిపోగానే వాదన మొదలు. లేని మాటకు నరేశన్న అర్థం చెప్పేవాడు, నేను పుట్టించిన మాట మీద గంగవ్వ పెద్దమ్మ ఆయనతో మూడు రోజులు పోట్లాడేది. నాకు లోపల నవ్వూ, భయమూ.

భయం ఎందుకంటే, లావణ్య ఒకరోజు బుట్ట అందుకుంటూ నాతో మెల్లగా అంది. “నేనొకటి అనుకున్న రజితా. ఆ పిల్లకు వాళ్ల నాయన దొరికితే మా నాయన గూడ ఇంటికొస్తడు.”

ఆ తర్వాత వచ్చింది ఎనిమిదో భాగం. లిఫ్టు తలుపు తెరుచుకుంటే అంతస్తంతా నీళ్లు, ఒక పడవ, దాన్ని నడిపే ముసలామె. పడవలో వరుసగా ఏడుగురు మనుషులు, తల నుంచి కాళ్ల దాకా తెల్లబట్ట చుట్టి పడుకోబెట్టి ఉన్నారు. చివరి మనిషి పక్కన పనిముట్ల సంచీ. నీలి జుట్టు పిల్ల ఆ సంచీ మీద చెయ్యి పెట్టింది. అంతే, అయిపోయింది.

బయట లావణ్య పిలుస్తోంది. నరేశన్న, “ఏమైందే, ఇంక బయటికి రావా?” అంటున్నాడు. ఆనాడు పొద్దున్నే రాజం కాకకు ఆక్సిజన్ పెంచారని లావణ్యవాళ్లమ్మ మా అమ్మతో చెప్పి ఏడ్చింది. నేను లోపల గోడకు ఆనుకుని ఫోను బాపు చేతిలో పెట్టాను. “బాపూ, ఆళ్ల నాయన సచ్చిపోయిండు. నేను లావణ్యకు ఎట్ల జెప్పాలె?”

బాపు ఆ బొమ్మను పెద్దది చేసి, పగిలిన అద్దంలోంచి చాలాసేపు చూశాడు. మనుషుల్ని చూడలేదు, బట్టను చూశాడు. తెల్లబట్ట అంచుల వెంట నల్లటి చారలున్నాయి, నేను వాటిని పట్టించుకోలేదు.

“ఎవలు జెప్పిన్రే నీకు సచ్చిపోయిండని? ఇది గ్రే బట్ట. లూము మీదికెల్లి దించిన పచ్చి బట్ట. అగో, అంచుకు నూనె మరకలు జూడు. ఉతకని బట్ట ఎవడన్న పీనుగకు కప్పుతడా? ఇది ఇంక మిల్లుకు పోవాలె, ఉతకాలె, రంగు అద్దాలె. దీనికి శానా పని మిగిలుంది బిడ్డా.”

నేను పరుగెత్తి బాల్కనీలోకి వెళ్లాను. నీళ్లు చెప్పాను, పడవ చెప్పాను, తెల్లబట్ట చెప్పగానే లావణ్య లేచి నిలబడింది. అప్పుడు నూనె మరకలు చెప్పాను. నరేశన్న తొడ చరిచి, “గ్రే మాల్! కరెక్టు!” అని అరిచాడు. ఇక నాకు ధైర్యం వచ్చి ముసలామెతో మాట్లాడించాను. “మీ నాయన మిల్లుకు పోతాండు బిడ్డా, ఉతికి, రంగు అద్ది పంపుతరు, జర ఓపిక పట్టు” అందని చెప్పాను. లావణ్య కళ్లు తుడుచుకుని, మూడు వారాల తర్వాత మొదటిసారి, నవ్వింది.

ఆ రాత్రే ఆ ముసలామె మాట బటన్ల ఫోనులో ఆసుపత్రికి చేరింది. తెల్లారి లావణ్య బాల్కనీలో గంతులేస్తూ వాళ్ల నాయన జవాబు చెప్పింది. ఆయన రంగుల మిల్లు మనిషి కదా! ఆయాసపడుతూనే అన్నాడట, “గ్రే మాల్ మిల్లుకు వస్తే పది రోజులు పడ్తది. తొందర జేస్తే రంగు నిలువది.” పదకొండో రోజున ఆటోలోంచి దిగాడు. బక్కచిక్కిపోయి, గడ్డం పెరిగి, రెండు మెట్లకోసారి ఆగుతూ ఎక్కాడు. గంగవ్వ పెద్దమ్మ దిష్టి తీస్తూ, “ఏం రంగు అద్దిన్రురా నీకు? నల్లగ తేలినవ్!” అంది.

ఆయనతో పాటు పెద్ద ఫోనూ వచ్చింది. లావణ్య ఆరో భాగం నుంచి అన్నీ చూస్తోందని తెలిసి నేను రెండు రోజులు బాల్కనీలోకి వెళ్లలేదు. మూడో రోజు పట్టీ తీసేసిన తలుపు దాటి, సందు దాటి, మా మెట్లెక్కి వచ్చింది. నేను రాళ్ల మీద తల వంచుకుని కూర్చున్నాను.

“సదువస్తదని అబద్ధం ఎందుకాడినవే?”

నేను ఇంకో రాయి తీసి చీరకు అంటించాను.

“ఎనిమిదో భాగంల ముసలామె ఏమన్నది? మళ్లొకసారి జెప్పు.”

“అది... మీ నాయన మిల్లుకు...”

“ఏమనలేదే మొద్దూ! ఆ భాగం మొత్తంల ఒక్కలు గూడ నోరు తెరవలే. కింద అచ్చరాలు ఏందో ఎరుకేనా? గాలి చప్పుడు. నీళ్ల చప్పుడు. మళ్ల గాలి చప్పుడు.” అని, నా పక్కన కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నేను అదేదో పెద్ద వేదమనుకుని భయపడి చచ్చిన అక్షరాలు గాలి చప్పుడట! నవ్వి నవ్వి, కళ్లలో నీళ్లతోనే అంది. “ఆ చప్పుడే నేను సదివి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవు.” కాసేపటికి, “పన్నెండోది, ఆఖరిది, నేను జూడ. ముందుగాల నువ్వే జెప్పాలె,” అంది.

చివరి భాగం వచ్చేనాటికి వానలు పడుతున్నాయి. అందరూ గోనెపట్టాలు కప్పుకుని బాల్కనీల్లో నిలబడ్డారు. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, లిఫ్టు ఆఖరి అంతస్తుకు చేరింది, తలుపు తెరుచుకుంది, లోపల తెల్లటి వెలుగు, ఇంక ఏమీ లేదు, అయిపోయింది. గంగవ్వ పెద్దమ్మకు ఒళ్లు మండింది. “గిదేం సీరియలే! పన్నెండు వారాలు కూసోబెట్టి తెల్లగోడ జూపిస్తరా? ఏయ్ రజితా, నువ్వన్న సక్కగ జెప్పు!” ఇక నరేశన్న తన అర్థంతో సిద్ధం. అప్పుడు కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్న రాజం కాక గొంతు సవరించుకున్నాడు. “ఆళ్ల నాయన లోపల చాయ్ తాగుతాండు కావచ్చు. తలుపు మూయకుమను ఆ పిల్లను.” సందంతా నవ్వింది, ఆయనకు దగ్గు వచ్చింది, మా అమ్మ ఇక్కడినుంచే కర్పూరం మూట పీల్చమని అరిచింది.

ఇప్పుడు మా బాల్కనీలన్నిటికీ అద్దాలు బిగించారు. తాడు కట్టిన కమ్మీలు కోసేసి వాటి చోట కూలర్లు పెట్టారు. గంగవ్వ పెద్దమ్మ ఊరికి వెళ్లి అక్కడే ఉండిపోయింది, నరేశన్న బార్డోలీ పోయాడు. ఇంటికి నాలుగు ఫోన్లు, చెవుల్లో నాలుగు జతల తీగలు, సీరియళ్లు పన్నెండు భాగాలూ ఒకేసారి వచ్చి పడతాయి. చూసినవాళ్లు చూసి పక్కకు పెడతారు. మధ్యలో ఉండే ఆ ఆరు రోజులు, అరుచుకునే రోజులు, ఎటు పోయాయో పోయాయి.

లావణ్య హజీరాలో ఒక ఆఫీసులో పనిచేస్తోంది. పోయిన వారం ఏదో కొత్త సీరియల్ పంపి ఫోన్ చేసింది. “చూసినవా?” అంది. “చూసిన,” అన్నాను. “నేను గూడ చూసిన,” అంది. ఆ తర్వాత ఇద్దరికీ చెప్పుకోవడానికి ఏమీ లేకపోయింది. ఫోన్ పెట్టేయబోయి లావణ్య, “గంగవ్వ పెద్దమ్మ ఉంటే దీన్ని ఏమనేదే?” అని అడిగింది. ఇక చూసుకోండి, అరగంట సేపు పెద్దమ్మ గొంతు పెట్టుకుని ఆ సీరియల్ తీసినవాళ్లను ఏడు తరాల దాకా తిట్టాను. అవతల వాళ్ల ఆఫీసులో ఎవరో ఏమైందని అడుగుతున్నారు, అది నవ్వు ఆపుకోలేక జవాబు చెప్పలేకపోతోంది.