గోడ దాటిన తోడు

రాయపూర్ శివారు బీర్‌గావ్‌లో తెలుగువాళ్లుండే ఆ వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి కాలు విరిగినా, ఎవరింట్లో పురుడొచ్చినా మొదట కబురు వెళ్లేది దాలమ్మకే. మందులూ మాకులూ ఆవిడ ఇవ్వదు, అవి డాక్టర్లు చూసుకుంటారు. ఏం తినకూడదో మాత్రం దాలమ్మే చెప్పాలి. వంకాయ వద్దంటుంది, గోంగూర జోలికెళ్లొద్దంటుంది, గుడ్డు మాటెత్తితే కళ్లెర్రజేస్తుంది. వెనకాల అందరూ ‘పథ్యం దాలమ్మ’ అంటారని ఆవిడకి తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోతుంది కూడా.

శ్రీకాకుళం జిల్లా నుంచి పెళ్లయి రాయపూర్ వచ్చి నలభై ఏళ్లయింది. భర్త రామమూర్తి రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకి షుగరు మొదలైన రోజు నుంచీ ఇంట్లో పథ్యం నడుస్తోంది. పాపం, నోరెత్తని మనిషి.

పథ్యం తర్వాత దాలమ్మకి పేరు తెచ్చినది పెరుగు. గిన్నె వంచినా కదలదు. పక్కింటి పూర్ణిమ ఛత్తీస్‌గఢ్ పిల్ల. రోజూ సాయంత్రం నడుమెత్తు గోడ మీదుగా చిన్న గిన్నె చాపి, “చాచీ, జామన్!” అని కేకేస్తుంది. మనం తోడు అంటామే, అదే హిందీలో జామన్. నీ పెరుగు తోడు వేస్తే తప్ప నాకు తోడుకోదు చాచీ అని పూర్ణిమ అన్నప్పుడల్లా దాలమ్మ ఒక గరిటె ఎక్కువే వేసేది.

ఇంత పేరున్న మనిషికి సొంత మనవరాలి దగ్గరే చిక్కొచ్చిపడింది. ఫణిశ్రీకి ఆరో నెలలో బుగ్గల మీద ఎర్రగా మొదలైన దురద, నాలుగేళ్లు వచ్చేసరికి మోచేతి మడతల్లోకీ మోకాళ్ల వెనక్కీ పాకింది. గీరి గీరి రక్తాలు తెచ్చుకునేది. ఎగ్జిమా అన్నారు డాక్టర్లు. దాలమ్మ తన పద్ధతిలో తాను దిగింది. మొదట వంకాయ మానిపించింది, తగ్గలేదు. గుడ్డు మానిపించింది, చేప, వేరుశనగ, టమాటా కూడా మానిపించింది. ఆఖరికి పులుపని పెరుగూ మానిపించింది. దురద తగ్గకపోతే పథ్యం చాలలేదనే ఆవిడ లెక్క. పిల్ల కంచంలో చివరికి అన్నం, పెసరకట్టు మిగిలాయి. ప్రేమ లేక కాదు. ఆ పిల్ల అలా గీరుకుంటుంటే దాలమ్మకి ముద్ద దిగేది కాదు.

2017లో హోలీ వెళ్లిన వారానికి కోడలు రాజశ్రీ ఆఫీసుకి సెలవు పెట్టి, పిల్లని కొత్త పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. వెంట దాలమ్మ. డాక్టరమ్మ పిల్లని తూచి మొహం చిట్లించింది. పదకొండు కిలోలు. రోజూ ఏం తింటుందో అంతా విని, దాలమ్మ వైపు తిరిగి హిందీలో నెమ్మదిగా చెప్పింది. “అమ్మాజీ, రకరకాల తిండి లేకపోతే పేట్‌లో అచ్ఛే కీటాణు కూడా తగ్గిపోతాయి.”

అచ్ఛే కీటాణు అంటే కడుపులో ఉండే, కంటికి కనపడని మంచి సూక్ష్మజీవులు. దాలమ్మ హిందీ కూరగాయల బజారులో నేర్చిన హిందీ. ఆవిడకి తెలిసినవి కీడాలు, అంటే గోబీపువ్వులో ఉండే పురుగులు. అంతే, లేచి నిలబడింది.

“ఏటీ, నా మనవరాలి కడుపులో పురుగులుండాలంటాదేటీవిడ? మొన్ననే ఆముదం పట్టించేను. ఒక్కటి లేదు, సుబ్బరంగా ఉన్నాది!”

రాజశ్రీ తల పట్టుకుంది. డాక్టరమ్మ నవ్వాపుకుని చీటీ రాసింది. స్నానం అయిదు నిమిషాలే, సున్నిపిండితో రుద్దడం బంద్, ఒళ్లు తడారకముందే ఈ క్రీము దట్టంగా రాయాలి, ఎర్రబడ్డచోట ఈ ఆయింట్‌మెంటు. తిండి అన్నీ పెట్టాలి. రెండు నెలల్లో బరువు పెరగకపోతే ఆస్పత్రిలో చేర్చి చూడాల్సి ఉంటుంది.

ఆటోలో రాజశ్రీ ఒక్కటే మాట అంది. “అత్తా, రెండు నెలలు చూస్తా. బరువు పెరగలేదంటే ఫణిని టాటీబంధ్‌లో మా అమ్మ దగ్గర వదిలేస్తా. ఆఫీసు కూడా అక్కడే, దగ్గర. బస్, ఇంక నాతో వాదించకు.”

పిల్ల లేని ఇల్లు దాలమ్మ ఊహకందలేదు. అయినా పట్టు సడలలేదు. క్రీములు మందు కాబట్టి టంచనుగా రాసింది, సున్నిపిండి డబ్బా అటకెక్కించింది. పథ్యం మాత్రం మరింత బిగించింది. కొడుకు హరీష్ ఉర్లాలోని ఫ్యాక్టరీకి, రాజశ్రీ ఆఫీసుకి వెళ్లాక ఇంట్లో అడిగేవాడెవడు?

చిత్రం, మే నెల వచ్చేసరికి పిల్ల ఒళ్లు నునుపెక్కింది. బుగ్గలూ నిండాయి. దాలమ్మ వీధంతా తిరిగి చెప్పింది. “సూసేరా? పథ్యం పట్టించినోళ్లకి తెలుస్తాది!” రాజశ్రీ మాత్రం నమ్మలేక, డాక్టరు దగ్గరికి వెళ్లేముందు రాత్రే పిల్ల బట్టలు సంచిలో సర్దిపెట్టింది. ఆ సంచిని చూస్తూ దాలమ్మ అన్నం వదిలేసింది.

మర్నాడు నలుగురూ వెళ్లారు. రామమూర్తి కూడా. డాక్టరమ్మ తూచింది. పన్నెండు కిలోలు దాటింది.

దాలమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. “సెప్పేనా? పెసరకట్టూ అన్నమూ!”

డాక్టరమ్మకి నమ్మబుద్ధి కాలేదు. పిల్లనే అడిగింది, పొద్దున్నే ఏం తింటావమ్మా అని.

“బాసీ,” అంది ఫణి.

బాసీ అంటే అక్కడివాళ్లు రాత్రన్నంలో నీళ్లు పోసి ఉంచి, పొద్దున్నే ఉల్లిపాయతో తినే చద్దన్నం.

“పూర్ణిమ ఆంటీ ఇంట్లో. దహీ వేసుకుని. భాటా కూడా పెడుతుంది.” దహీ అంటే పెరుగు, భాటా అంటే వంకాయ. దాలమ్మ చెవులు గింగురుమన్నాయి.

“గోడెలా దాటేవే గుంటా?”

“నువ్వు పూజ చేస్తావు కదా మామ్మా, అప్పుడు తాత ఎత్తి దించుతాడు. తాతా తింటాడు.”

రామమూర్తి తలెత్తి పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు.

డాక్టరమ్మ పడీపడీ నవ్వి, ఆ తర్వాత ఉన్నదున్నట్టు చెప్పింది. ఒళ్లు బాగుపడింది క్రీములూ ఆయింట్‌మెంటూ క్రమం తప్పకుండా రాసినందుకు, ఆ పుణ్యం అమ్మాజీదే. బరువు పెరిగింది కడుపునిండా తిన్నందుకు. పెరుగు తింటే ఎగ్జిమా పోతుందని తాను చెప్పదు, పేగుల్లోని సూక్ష్మజీవులకీ చర్మానికీ ఉన్న సంబంధం మీద పరిశోధనలు ఇంకా సాగుతున్నాయి. “కానీ అమ్మాజీ, ఆ రోజు నేను చెప్పిన అచ్ఛే కీటాణు పురుగులు కాదు. మీరు పాలలో వేసే జామన్ ఉంది కదా, దాన్నిండా ఉండేవి అలాంటివే.”

“తోడా?” అంది దాలమ్మ. “ఇన్నాళ్లూ ఈదంతటికీ నాను పంచింది కీటాణువులేటి?”

“పూర్ణిమ ఆంటీ దహీ మామ్మ తోడుదే,” అని ఫణి డాక్టరమ్మకి వివరంగా చెప్పింది.

దారంతా సిగ్గుతో దాలమ్మ మొహం మండిపోతోంది. ఎవరికీ తెలియకపోతే బాగుండుననిపించింది. కానీ అంతకంటే పెద్ద మాట ఒకటి మనసులో తిరుగుతోంది. తన తోడు గోడవతలికి వెళ్లి పెరుగైంది. ఆ పెరుగు కోసం, తన ఇంట్లో ఆకలితో ఉన్న పిల్ల గోడ దాటి వెళ్లింది. ఆకలితో! ఆ మాట తలుచుకుని ఆటోలోనే కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. రామమూర్తి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

సాయంత్రం పూర్ణిమ గిన్నె చాపలేదు. సంగతి తెలిసి భయపడి లోపలే ఉండిపోయింది. దాలమ్మే గోడ దగ్గరికెళ్లి గట్టిగా పిలిచింది.

“ఏ పూర్ణిమా, గిన్నె తేవేటి? పాలు విరిగిపోతాయి కాదేటి!”

పూర్ణిమ బిక్కుబిక్కుమంటూ వచ్చింది. దాలమ్మ నాలుగు గరిటెలు వేసింది.

మర్నాడు పొద్దున్న దాలమ్మ పూజకి కూర్చోలేదు. ఫణి అలవాటు చొప్పున గోడ దగ్గర చేతులు చాపి నిలబడి ఉంది.

“తాత లేడే, ఇటు రా,” అంది దాలమ్మ. పీట వేసి, తాను రాత్రే నీళ్లు పోసి ఉంచిన అన్నంలో పెరుగు కలిపి, ఉల్లిపాయ కొరుక్కోమని ఇచ్చి, పక్కన వంకాయ వేపుడు పెట్టింది. ముందు రెండు ముక్కలే వేసి, ఆగి, ఇంకో గరిటె వేసింది. ఏళ్ల అలవాటు మరి.

ఫణి ఒక ముద్ద తిని ఆశ్చర్యపోయింది. “మామ్మా, నీకూ బాసీ చెయ్యడం వచ్చా?”

“నీ వయసులో నానిదే తిన్నాను,” అంది దాలమ్మ. “మర్సిపోయేను.”

ఆఫీసు చీర కట్టుకున్న రాజశ్రీ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. లోపలికెళ్లి సంచి మంచం మీద బోర్లించి, గౌన్లన్నీ తిరిగి అల్మరాలో సర్దింది. తర్వాత వచ్చి ఫణి పక్కనే నేల మీద కూర్చుంది.

“అత్తా, నాకూ పెట్టు. తొందరగా, బస్సు వెళ్లిపోతుంది.”