మెంబరుగారికి అప్పజెప్పిన చట్టం

నిన్న పొద్దున్న బీరువా అడుగునుంచి పాత పెడన దుప్పటి తీసి మడత విప్పితే, కరక్కాయా పాలూ కలిసిన ఆ వగరు వాసన ఇంకా సన్నగా వస్తూనే ఉంది. దాన్ని ఎండకి వేసి కూర్చున్నానో లేదో ఫోను మోగింది. మా శాసనసభ్యుడు కొత్తగా వచ్చిన చట్టం గురించీ, ఢిల్లీ సంగతుల గురించీ మాట్లాడిన వీడియో ఎవరో పంపారు. చేతికి ఆ వాసన, చెవిలో ఆ మాటలు. రెండూ కలిసేసరికి నాకు తాతయ్య అచ్చుల పాక కళ్ళముందుకొచ్చింది.

పెడన పక్కన మా ఊళ్ళో తాతయ్యది కలంకారీ పని. వేసవిలో కాలవగట్టు పొడుగునా ఆరేసిన ఎర్రటి, నల్లటి గుడ్డల మధ్యనుంచి పరిగెత్తుతూ, తడి గుడ్డ మొహానికి తగిలితే కేకలు పెడుతూ, ముంజలు జుర్రుకున్న చేతులతో గుడ్డ ముట్టుకున్నందుకు తిట్లు తింటూ, మధ్యాహ్నమంతా పాక నీడలో పనికిరాని చెక్క అచ్చులతో ఇళ్ళు కట్టి ఆడుకునేవాళ్ళం. బెల్లమూ ఇనపముక్కలూ నానేసిన నల్లరంగు కుండ దగ్గరికి మాత్రం ముక్కు మూసుకుని కూడా వెళ్ళేవాళ్ళం కాదు. వానలు పడితే గుడ్డ ఆరదు, పని సాగదు. అచ్చుబల్లలు ఖాళీ. శ్రావణమాసం పేరంటాల్లో వచ్చిన శనగల్ని అమ్మమ్మ ఎండుమిరపకాయా కరివేపాకూ వేసి తాలింపు పెడుతుంటే, ఊళ్ళో అద్దకంవాళ్ళూ నేతవాళ్ళూ ఆ బల్లలమీద చేరి కబుర్లు చెప్పుకునేవారు.

మెంబరుగారు, అంటే అప్పటి మా శాసనసభ్యుడు, వచ్చేది అప్పుడే. శాసనసభ సమావేశాలు అయిపోగానే ఆయన బందరు బస్సు దిగి, గొడుగు మూలన పెట్టి, పంచె అంచు పిండుకుని, బల్లమీద కూర్చుని ఏ చట్టం వచ్చిందో, ఢిల్లీలో ఏం జరుగుతోందో నింపాదిగా చెప్పేవారు. చెప్పడం అయ్యాక అసలు పని మొదలయ్యేది. ఆ చట్టం ఎవరింటికి తగులుతుందో ఆ ఇంటిపెద్ద లేచి, బళ్ళో పిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు, అందరిముందూ దాన్ని తిరిగి అప్పజెప్పాలి. సరిగ్గా వచ్చేదాకా మెంబరుగారు కదలరు.

ఈ అలవాటు సుబ్బారావు మావయ్య పుణ్యం. ఆయన మా పక్కింటి అద్దకందారు. నేను పుట్టకముందు గజాలు పోయి మీటర్లు వచ్చినప్పుడు, సగం విని ఇంటికెళ్ళి, గజంబద్ద ఇంట్లో ఉంటే జైలేనని వీధివీధినా చెప్పాడట. అందరూ బద్దలు పొయ్యిలో పెట్టేశారు. మీటరుబద్దలు ఇంకా రాలేదు. మావయ్య తన జానతో కొలిచి కోయించిన దుప్పట్లు ఒకటి మంచానికి చాలక, ఇంకొకటి మంచం దిగి నేలమీద పాకుతూ, మొత్తం సరుకు తిరిగొచ్చింది. అప్పట్నుంచి మెంబరుగారు ఎవరి చెవినీ నమ్మలేదు.

మా అక్క పదో తరగతి పాసైన సంవత్సరం అది. పదహారు నిండాయి. గుడివాడ సంబంధం, మాఘంలో ముహూర్తం అని తాతయ్య అనేసుకున్నారు. మా ఇంట్లో మాట ఆయనదే. అక్కకి బందరు కాలేజీలో చేరాలని ఉంది. నోరు తెరిచి అడగలేదు గానీ, పొద్దున్న బందరు బస్సు వెళ్ళే వేళకి రోజూ అరుగుమీదికొచ్చి, అది మలుపు తిరిగేదాకా నిలబడేది.

ఆ శ్రావణంలో మెంబరుగారు వచ్చి, పెళ్ళి వయసు పెంచుతూ ఢిల్లీలో చట్టం చేశారని చెప్పారు. "ఇది ఎవరు అప్పజెప్తారు?" అన్నారు.

"మీరే కదండీ," అంది అమ్మమ్మ తలుపు వెనకనుంచి తాతయ్యతో.

తాతయ్య లేచారు. "ఆడపిల్లకి పదిహేను నిండితే..."

"అది పాత చట్టమండీ. కొత్తది చెప్పండి," అన్నారు మెంబరుగారు.

"మగపిల్లాడికి ఇరవయ్యొకటి," అని తాతయ్య కూర్చోబోయారు.

"ఆడపిల్లకో?"

పాకంతా నవ్వు. తాతయ్య కండువా సర్దుకున్నారు, గొంతు సవరించుకున్నారు, వాన ఎలా పడుతోందో చూశారు.

"ఇంకాసిని శనగలు పెట్టనా అండీ? మెంబరుగారు రాత్రి భోజనానికి కూడా ఉండేట్టున్నారు," అంది అమ్మమ్మ.

"ఆడపిల్లకి పద్దెనిమిది నిండాలి," అన్నారు తాతయ్య చివరికి. మెంబరుగారు తలాడించి మజ్జిగ గ్లాసు అందుకున్నారు.

"దానికేముంది బాబాయ్, పద్దెనిమిదనే చెప్పేద్దాం. పిల్ల పొడుగ్గానే ఉందిగా!" అన్నాడు సుబ్బారావు మావయ్య.

"నువ్వు కొలిచే పొడుగు ఊరంతా చూసిందిలేరా," అన్నారు తాతయ్య. ఆ నవ్వు తగ్గాక, ఇంకెవరితోనో అన్నట్టు, "ఇంతమందిలో ఈ నోటితో అప్పజెప్పి, ఇంటికెళ్ళి ఇదే నోటితో ఇంకోటి ఎలా చెప్పనూ?" అన్నారు.

అక్క శనగల పళ్ళెం పట్టుకుని బయటికొచ్చింది. అందరికీ తలా గుప్పెడు పెట్టింది. తాతయ్య దోసిట్లో మాత్రం రెండు గుప్పెళ్ళు పోసింది.

మర్నాడే తాతయ్య గుడివాడ వెళ్ళి అక్కడా అదే అప్పజెప్పి వచ్చారు. పెద్దవాళ్ళు మూతి ముడుచుకున్నారు గానీ, అబ్బాయి ఆగుతానన్నాడు. బస్సు మలుపు తిరగడం అక్క అప్పట్నుంచి కాలేజీకి వెళ్తూ బస్సులోనే కూర్చుని చూసింది. డిగ్రీ అయ్యాకే పెళ్ళయింది. గుడివాడలోనే టీచరుగా చేసి రిటైరైంది. తన పెళ్ళిని ఢిల్లీవాళ్ళు వాయిదా వేశారని బావ ఇప్పటికీ అంటూనే ఉంటాడు.

ఆ పాక ఉన్నచోట ఇప్పుడు గోడౌను ఉంది. కాలవగట్టున గుడ్డలు ఆరేయడానికి చోటు లేదు. చట్టం కబురు వానలో బస్సు దిగి రానక్కర్లేదు, పాసైన రోజే అరచేతిలోకి వస్తోంది. మంచిదే. మేమందరం ఒక దణ్ణం బొమ్మ పెట్టి పక్కకి తోసేస్తాం. అప్పజెప్పమనేవాళ్ళు మాత్రం లేరు.

ఒక్కరున్నారు. దుప్పటి మడతపెడుతుంటే అక్క ఫోను చేసింది.

"వీడియో విన్నావుటే?"

"విన్నాను."

"అయితే అప్పజెప్పు."

చెప్పాను. సగంలోనే ఆపింది. "అది పాతదే. ఇంకోసారి విని చెప్పు, నేను లైన్లోనే ఉంటా."

వెనకనుంచి బావ గొంతు వినిపించింది. "నా కాఫీ సంగతి పట్టించుకోకు, నిదానంగానే చెప్పమ్మా. ఆగడం నాకు అలవాటే."