గొంగడి కింద విన్న విమానం

పాతకాలం విమానాల మోత గురించి ఎవరైనా ముచ్చటగా మాట్లాడటం మొదలుపెడితే నేను లేచి వంటింట్లోకి పోతాను. ఆ మోత నచ్చక కాదు. నచ్చినందుకే.

మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజులవి. నాకు పెళ్లయి రెండేళ్లు, చంకలో మూడు నెలల కూతురు. అత్తగారిది గొర్రెల మీద బతికే కుటుంబం. కొర్ర కోతలయ్యాక రాచర్ల అవతల, నల్లమల అంచున, రైతుల చేలల్లో మంద కట్టేవాళ్లం. రాత్రి గొర్రెలు చేలో పడుకుంటే ఎరువు రైతుకు, గింజలు మాకు. పగలు నేనూ అత్తా మందను చెరిసగం చేసుకుని మేపేవాళ్లం.

ఆ కొండ చరియలకు చేటలంత తేనెపట్లు వేలాడేవి. గద్ద తగిలినా, పొగ సోకినా ఈగలు లేచి మనిషన్న వాడి వెంట పడేవి. మా చినమామ వాటి పాలబడే పోయాడట. కాపురానికి వచ్చిన వారంలోనే అత్త నాకు నేర్పింది వంట కాదు, ఇది:

“మోత ఇనపడితే పరిగెత్తబాక. గొంగడి కప్పుకోని నేల కరుచుకోని పండుకో. సందు లేకుండా అంచులు అదిమిపెట్టు.”

పాప పుట్టాక ఇంకొక మాట చేర్చింది. “బిడ్డుంటే కిందేసుకో.”

ఆ రోజు బారెడు పొద్దెక్కింది. పాపకు పాలిచ్చి, తుమ్మ కొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో పడుకోబెట్టాను. కొండవైపు నుంచి సన్నగా జుమ్మని వినపడింది. గొర్రెలు మేత ఆపి తలలెత్తాయి. జుమ్మనడం పెరుగుతోంది. ఉయ్యాలలోంచి పాపను లాక్కుని, నేల మీద వేసి, దాని మీద వంగి, గొంగడి కప్పుకున్నాను. అంచులు మోకాళ్ల కిందా మోచేతుల కిందా అదిమాను. పాప గుక్కపట్టింది. ఏడుపు వింటే ఈగలు ఇటే వస్తాయని నా వెర్రి భయం. దాని ముఖాన్ని రొమ్ముకేసి గట్టిగా నొక్కాను. లోపల చీకటి, ఉక్క, ఉన్ని కంపు. ఎప్పుడు వాలతాయా, ఎక్కడ మొదటి పోటు పడుతుందా అని పళ్లు బిగబట్టుకుని ఉన్నాను.

ఇంతలో మోత మారింది. బావుల మీద ఆయిల్ ఇంజన్లు పది ఒక్కసారి తిప్పినట్టు దడదడమంది. చెంప కింద నేల అదిరింది. ఈగలు నేలను అదిరించవు కదా అని అప్పుడు తట్టింది. గొంగడి ఎత్తి చూశాను.

విమానం. అంతకుముందు ఒకటి రెండుసార్లు చుక్కంత చూసిందే తప్ప ఇంత దగ్గరగా ఎరగను. రెండు ఇంజన్లతో, వెండి రంగులో, తుమ్మ చెట్లకు తగిలేంత కిందుగా వచ్చింది. లేచి నిలబడ్డాను. ఆ రెండు ఇంజన్ల మోతలూ ఒకదాన్నొకటి అందుకున్నట్టే అందుకుని జారిపోతున్నాయి. పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగే ఆ ఊపు నా పక్కటెముకల్లోకి దిగింది. భయమంతా పోయి నవ్వొచ్చింది. అంత బాగున్న చప్పుడు నేను పుట్టి వినలేదు. అది కంభం వైపు చిన్నదైపోయేదాకా, మోత సన్నగిల్లి మాయమయ్యేదాకా చూస్తూనే ఉన్నాను.

అప్పుడు తెలిసింది, పాప ఏడవటం లేదని.

నేను లేచినప్పుడు గొంగడి మళ్లీ దాని మీదే పడింది. లాగి పారేశాను. పెదాలు నేరేడు రంగుకు తిరిగాయి. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, నన్ను చూడటం లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బోర్లా తిప్పి వీపు మీద కొట్టాను, నోట్లో ఊదాను, ఏం చేస్తున్నానో నాకే తెలియదు. ఎంతసేపటికో కాసిని పాలు కక్కి, వెక్కి, ఏడ్చింది.

చెదిరిన గొర్రెలను మళ్లించుకుంటూ అత్త వచ్చింది.

“ఏందే, అట్ల వణుకుతుండావు?”

“ఈగలనుకున్నా అత్తా. బిడ్డనేసుకోని పండుకున్నా.”

“మంచి పని చేసినావు. నేనూ గొంగడి కిందనే ఉంటిని. అది విమానమంట, చేను రైతు చెప్పినాడు. కొండల్లో ఏం గనులుండాయో పైనించి ఎతుకుతుండారంట.”

నా తల నిమిరింది. పాపను వదిలేసి ఆకాశం చూస్తూ నిలబడ్డ సంగతి నేను చెప్పలేదు. ఆమె కన్నుమూసేదాకా చెప్పలేదు.

ఆ విమానం మధ్యాహ్నం దాకా కొండ వెంబడి గీత గీసినట్టు పోతూ వస్తూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ తల వంచుకుని, పాప ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ కూర్చున్నాను. నాలుగోసారి అత్త చేతిలో కర్ర పక్కన పెట్టి, “పైకి చూడే, ఎంత బాగుందో” అంది.

వేలు పాప ముక్కు కిందే ఉంది. నా తల మాత్రం దానంతట అదే పైకి లేచింది.