ఏడో ప్రశ్నకు పదమూడు కార్డులు

దయ్యాలను నేను నమ్మను. అన్న పోయిన గదిలోనే పదకొండు రాత్రులు పడుకున్నాను. ఏ అలికిడీ వినలేదు. ఇది భయస్తురాలు రాస్తున్నది కాదని ముందే చెప్తున్నాను.

లారీ డ్రైవర్ల కోసం నడిపే హెచ్ఐవి నివారణ కార్యక్రమం ఎంతవరకు పనిచేస్తోందో చూడడం నా ఉద్యోగం. ముఖం మీద అడిగితే ఎవరూ నిజం చెప్పరు. అందుకని ఓట్ల పద్ధతి పెడతాం. ఒక్కొక్కరికి ప్రశ్నల నంబర్లున్న కార్డుల కట్ట ఇస్తాం. నేను ప్రశ్న చదువుతాను. ఆ నంబరు కార్డును తెర చాటుకు వెళ్లి, అవునైతే పచ్చ డబ్బాలో, కాదంటే ఎర్ర డబ్బాలో వేస్తారు. పేర్లుండవు.

జనగామలో, లారీలు ఆగే చోట, పరీక్ష చేయించుకున్న పన్నెండు మందిని కూర్చోబెట్టాను. "ఓట్లేసినం గని బిర్యానీ ఏదక్కా?" అని ఒకాయన అంటే అందరూ నవ్వారు.

ఏడో ప్రశ్న: పరీక్షలో ఏం తేలిందో ఇంటామెకు చెప్పిన్రా?

ఆ ఒక్క ప్రశ్నకు పదమూడు కార్డులు వచ్చాయి. ఎర్ర డబ్బాలో ఒకటి నాలుగు మడతలు పెట్టి ఉంది. కట్టలు కట్టేటప్పుడు పొరపాటు చేశాననుకున్నాను.

మా అన్నా లారీ డ్రైవరే. ఏ కాగితాన్నైనా నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకునేవాడు. చాలామంది అట్లనే వేసుకుంటారు, దాన్ని సాక్ష్యం అనడం లేదు. తనకు జబ్బుందని నాకొక్కదానికే చెప్పాడు. "వదినెకు చెప్పకు. జర ఆగు, నేనే చెప్త" అన్నాడు. చెప్పకుండానే పోయాడు. మాట ఇచ్చాను గనుక నేనూ చెప్పలేదు. వదినెకు నెలల తరబడి జ్వరం వచ్చిపోతోంది. ఊళ్లో సూదులతో నెట్టుకొస్తోంది. అదీ నాకు తెలుసు.

కేసముద్రం మార్కెట్ యార్డులో కార్డులు రెండుసార్లు లెక్కపెట్టి పన్నెండు మందికి పంచాను. మళ్లీ ఏడో ప్రశ్నకే పదమూడు. అదే ఎర్ర డబ్బా, అవే మడతలు.

భూపాలపల్లిలో బొగ్గు లారీల దగ్గర, పంచే ముందు ప్రతి కార్డు వెనుకా పొడి సంతకం చేశాను. అక్కడా పన్నెండు మందే. డబ్బాలు నేనే తెరిచాను. మడతలు విప్పితే, పదమూడో కార్డు మీదా నా సంతకమే ఉంది.

ఆ కార్డు తీసుకుని, డబ్బాలు అట్లనే వదిలి రఘునాథపల్లికి, వదినె దగ్గరకు వెళ్లాను. అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు.

"ఆయన భయపడి దాచిండు. నువ్వెందుకు దాచినవ్?" అంది.

తెల్లారి ఇద్దరం దవాఖానకు పోయాం. ఆమెకూ ఉంది. మందులు మొదలయ్యాయి. ఇంకొన్నాళ్లు ఆగితే చెయ్యి దాటేదని డాక్టరమ్మ చెప్పింది.

ఆ మూడు కార్డులు నా దగ్గరే ఉన్నాయి. ఎవరు వేశారో ఇప్పటికీ చెప్పలేను.

తర్వాతి నెల మళ్లీ కేసముద్రం వెళ్లాను. పన్నెండు మంది. ఏడో ప్రశ్న చదివాను. డబ్బాలు తెరిచాను. పన్నెండే ఉన్నాయి. మడత పెట్టినది ఒక్కటీ లేదు.

మూడుసార్లు లెక్కపెట్టాను. అన్న పోయిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది.