అలాకు నాయనమ్మ మాటలు

మొన్నటిదాకా ఇది ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. దాచడం అలవాటైంది గానీ బరువు తగ్గలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను.

ఐటీ ఉద్యోగాలకు బాగా గిరాకీ ఉన్న రోజుల్లో సింగపూర్ వచ్చాను. ప్రపంచంలోని జాతుల గురించి సీడీలు తయారుచేసే చిన్న కంపెనీలో పని. డేటాబేస్ నా చేతిలో ఉండేది. అలాకు అనే అతను అక్కడే పరిచయమయ్యాడు. మధ్య నైజీరియా కొండల్లోని ఎగ్గాన్ జాతివాడు, ఇక్కడ చదువుకుంటూ మాకు వ్యాసాలు రాసేవాడు. ఒకరోజు ఒక నోటుపుస్తకం తెచ్చాడు. చనిపోయే ముందు వాళ్ల నాయనమ్మ చెప్పినదంతా అందులో ఉంది. ఏ వంశం ఏ కొండ మీద ఉండేది, ఎవరు ముందు మైదానానికి దిగారు, ఆషిమ్ అనే వాళ్ల పూర్వీకుల పూజలో ఎవరి వంతు ఏమిటి. ఆరు శనివారాలు నా పక్కన కూర్చుని అదంతా కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఎక్కించిన కాగితాలను ముక్కలు చేసేయడం ఆఫీసు నియమం. కంప్యూటర్‌లో ఉంటే భద్రమే కదా అని పుస్తకం అతనే ఇచ్చాడు. ముక్కలు చేసే యంత్రంలో పెట్టింది నేను.

పాత గ్రంథాల్లో బయటివాళ్లు ఎగ్గాన్‌లను ‘కొండ మాడాలు’ అని రాశారు. నిజానికి మాడాలు వేరే జాతి, వీళ్ల పొరుగువాళ్లు. ఒకే జాతికి రెండు పేర్లుంటే కలిపేసే ప్రోగ్రామ్ ఒకటి రాసి, సరిచూడకుండా నడిపాను. అది ఎగ్గాన్‌లను మాడాల్లో కలిపేసి, అలాకు ఎక్కించినదంతా తుడిచేసింది.

టోవా పాయో పేటలో ఒక హోటల్లో భోజనం చేస్తుండగా అలాకు అడిగాడు.

“మా నాయనమ్మని మాడా వాళ్లకిచ్చి పెళ్లి చేసేశావా, బ్రదర్?” నవ్వుతూనే అన్నాడు.

“సిస్టమ్ అలా చేసింది. చూస్తాలే.”

“ఇందాక టీ అమ్మే అంకుల్ నిన్ను తమిళుడనుకుని తమిళంలో మాట్లాడితే మొహం ముడుచుకున్నావు. మరి నేనేం చెయ్యాలి, నువ్వే చెప్పు.”

“నెక్స్ట్ వెర్షన్‌లో పెట్టేస్తాం. డేటా ఎక్కడికీ పోలేదు.”

ఆ రోజుకు అది నిజమే. డేటా నకలు దాచే బ్యాకప్ టేపును రెండు వారాలు ఉంచి, దాని మీదే కొత్తది రాసేవాళ్లం. ఇంకా నాలుగు రోజుల గడువుంది. ఆ టేపు కావాలంటే మేనేజర్‌ని అడగాలి. అడిగితే ఎందుకో చెప్పాలి. నా ఉద్యోగ అనుమతి పొడిగింపు కాగితాలు అప్పుడు ఆయన బల్ల మీదే, సంతకం కోసం ఉన్నాయి. భయపడ్డానా? అవును. కానీ ఒక్క భయమే అయితే, ఐదో రోజున మనసు ఎందుకంత కుదుటపడింది? ఇక చేయగలిగింది ఏమీ లేదన్న ఆ ఊరట కోసమే నాలుగు రోజులూ గడవనిచ్చానా?

అలాకు ఇంకో రెండుసార్లు అడిగాడు. తర్వాత అడగలేదు. కంపెనీ మూతపడింది. పోయిన నెల అతని కూతురు ఉత్తరం రాసింది. నాన్న పోయారట. తన నాయనమ్మ చెప్పినవన్నీ మీ దగ్గర భద్రంగా ఉన్నాయని చివరిదాకా అనేవారట. పంపగలరా అని అడిగింది.

గుర్తున్నంత రాసి పంపుదామని కూర్చున్నాను. ఒక వంశం పేరు, ఒక కొండ పేరు. ఆ వంశానిది ఆ కొండేనా? తెలియదు. తెలియనిదాన్ని వాళ్ల చరిత్ర అని పంపితే మళ్లీ అదే తప్పు. కాగితం చించేశాను. ఉన్నదే రాశాను: “అవి లేవు. చెరిగిపోయింది నా వల్లే. కాపాడే వీలున్న నాలుగు రోజులూ నేను ఊరికే కూర్చున్నాను.”

జవాబు రాలేదు. ఎదురుచూసే హక్కు నాకు లేదు. ఆ ఉత్తరం పోస్టు చేసి వచ్చాక మాత్రం, మొదటిసారి అలాకు కోసం ఏడవగలిగాను.